తడిక అల్లిక లాంటి దెబ్బ: రెమీ ప్రెసాస్ జీవితం

ఉగాదికి మన డిపార్ట్‌మెంటు వెనక వరండాలో కోలాటం ప్రాక్టీసు చేస్తున్నాం కదా, మూడో కోపు దగ్గర నా కర్ర ఎదుటామె కర్రకు తగలకుండా ఆమె వేలి కణుపుకు తగిలింది. ఆమె ఏడవలేదు. కర్రలు మాత్రం కింద పెట్టేసి వెళ్ళిపోయింది. మరునాడు రాలేదు. నాకు నా సంగతే గుర్తొచ్చింది. స్కూల్లో ఉన్నప్పుడు సిలంబం నేర్చుకుందామని సరదాపడి వెళ్ళాను. మూడు నెలలు తిరక్కముందే వేళ్ళ మీద ఒక దెబ్బ తిన్నాను. వారం రోజులు పెన్ను పట్టుకోలేకపోయాను. ఇంట్లో వాళ్ళు మంచిదే అయిందని అక్కడితో మాన్పించేశారు. నేర్పే ఆయనేమో దెబ్బ తినని చేతికి విద్య రాదన్నాడు. నేనూ నిజమే కాబోలు, నాది విద్య వచ్చే చెయ్యి కాదు అనుకుని ఊరుకున్నాను.

ఆ మాట నమ్మని మనిషి ఒకాయన ఫిలిప్పీన్స్‌లో పుట్టాడు. ఆయన పేరు రెమీ అమదోర్ ప్రెసాస్. ఈసారి గోడపత్రికకు ఎవరైనా ప్రసిద్ధుల జీవితం రాయమని మేడమ్ అన్నప్పుడు అందరూ కవుల్ని పంచేసుకున్నారు. మిగిలింది నేను, నా దగ్గర ఈయన. కవి కాదు, మన భాషవాడు కాదు, కానీ రెండు చేతుల్లో రెండు కర్రలు పట్టుకున్న మనిషి కాబట్టి కోలాటం ఆడే మనకు మరీ పరాయివాడు కాడనిపించింది.

ఫిలిప్పీన్స్ అంటే ఏడువేల పైచిలుకు దీవులు. అందులో నెగ్రోస్ అనే దీవి చెరుకు తోటలకు పేరుపడ్డది. ఆ దీవికి పడమటి వైపున, సముద్రం ఒడ్డున, హినిగరాన్ అనే జాలరుల ఊరు. అక్కడ 1936 డిసెంబరు 19న రెమీ పుట్టాడు. తాత లియోన్, తండ్రి హొసే ఇద్దరికీ కర్రసాము వచ్చు. ఆ దేశంలో ఈ విద్యకు ఆర్నిస్ అని, ఎస్క్రిమా అని, కాలి అని ప్రాంతాన్ని బట్టి పేర్లున్నాయి. మొదటి రెండూ స్పెయిన్ వాళ్ళ భాష నుంచి వచ్చినవే. మూడువందల ఏళ్ళకు పైగా ఏలిన దొరల మాటలు ఇంట్లో సొంత మాటలైపోవడం మనకు కొత్త కాదు గదా, మనమూ రోజూ మేజా మీద పుస్తకం పెట్టి బీరువాలో చీర దాచుకుంటాం.

పిల్లవాడికి ఆరేళ్ళప్పుడే కర్ర పట్టాలని ఆశ పుట్టింది. ఏడాదిలెక్క చూస్తే అది జపాన్ సైన్యం ఆ దీవుల్ని ఆక్రమించిన కాలం. తాత దగ్గరే మొదటి పాఠం. ఆ రోజుల్లో ఈ విద్యకు పుస్తకం లేదు, బడి లేదు, యూనిఫాం లేదు. పెరట్లో ఒక పెద్దాయన, ఎదురుగా ఒక మనవడు. ఇంటి విద్య ఇంటి బయటికి పోనిచ్చేవాళ్ళు కారు. పక్కింటివాడు నేర్చుకుంటే రేపు వాడితోనే తలపడాల్సి రావచ్చని భయం. మన వైపు వైద్యం చేసేవాళ్ళు ఆకు పేరు చెప్పకుండా నూరి ఇచ్చేవారని మా అవ్వ చెప్పేది, అట్లాంటిదే ఇదీ.

కర్ర గురించి ఒక మాట. వాళ్ళు వాడేది పేము. మన చిన్నప్పుడు మాస్టార్ల చేతుల్లో చూసిన బెత్తం జాతే, కాకపోతే బొటనవేలంత లావు. పొడవు ఇరవై ఎనిమిది అంగుళాలు, అంటే మన కోలాటం కర్రకన్నా బాగా పెద్దది. పేము తేలిక. గట్టిగా కొట్టినా వెదురులాగా పగిలి ముల్లు లేవదు, పీచు పీచుగా రేగుతుంది. అందుకే సాధనకు అది. పోట్లాటకైతే కమగోంగ్ అనే నల్లటి చేవకర్ర. బీడీ ఆకులు కోస్తారే, మన తునికి చెట్టు, దానికి దగ్గర చుట్టం ఆ చెట్టు. దాంతో దెబ్బ పడితే ఎముక నిలవదు.

పద్నాలుగేళ్ళకు రెమీ ఇల్లు విడిచాడు. పారిపోయాడనీ అనొచ్చు, వెతుక్కుంటూ వెళ్ళాడనీ అనొచ్చు. తాత దగ్గర ఉన్నదంతా అయిపోయింది, ఇంకా కావాలి. నెగ్రోస్‌కు తూర్పున సన్నటి జలసంధి దాటితే సెబూ దీవి. కర్రసాములో ఆ కాలానికి అదే పెద్ద పేట. అక్కడ దోసె పారెస్ అనే సంఘం 1932 నుంచి ఉంది (పేరు చూసి నవ్వకండి, దోసె అంటే స్పానిష్‌లో పన్నెండు, మన దోసెకూ దానికీ ఏ సంబంధమూ లేదు). దాంట్లోంచి విడిపోయి 1952లో బాలింతవాక్ అనే వీధిలో ఇంకొక గుంపు మొదలైంది. వీధి పేరే ఆ పద్ధతికి పేరైంది. దాన్ని నడిపినవాడు వెనాన్సియో బాకన్. సన్నటి చిన్న మనిషి, చేతిలో ఒకే కర్ర, ఎదుటివాడు రెప్ప వేసేలోగా కొట్టగలడని పేరు. ఈ రెండు గుంపులకూ పడేది కాదు. పందేలు జరిగేవి, ఒంటికి ఏ కాపూ లేకుండా కర్రతో తలపడేవాళ్ళు.

రెమీ ఊరూరా తిరిగి గురువుల్ని పట్టుకున్నాడు. మొంకాల్ అనే గురువు దగ్గర కొంత, బాలింతవాక్ పద్ధతిలో తిమోతియో మరాంగా దగ్గర కొంత, చివరికి బాకన్ దగ్గరే కొంత నేర్చుకున్నాడు. ఇంటి విద్యలో రెండు కర్రలు, ఇక్కడ ఒంటికర్ర. అక్కడ ఆట పారుతున్నట్టుంటుంది, ఇక్కడ దగ్గరికి చొచ్చుకొచ్చి కొట్టడం. ఈ రెండూ ఒక మనిషిలో కలవడమే తర్వాత జరిగినదానికంతా మూలం. అది చాలదన్నట్టు జూడో నేర్చాడు, షోటోకాన్ కరాటే నేర్చాడు, రెండింటిలోనూ బ్లాక్ బెల్టు తీసుకున్నాడు.

ఇక్కడొక చిక్కు ఉంది. కరాటే, జూడో రెండూ జపాన్ విద్యలు. యుద్ధం అయిపోయి ఎన్నో ఏళ్ళు కాలేదు. అయినా ఫిలిప్పీన్స్ కుర్రాళ్ళు జపాన్ విద్యల వెంటే పడ్డారు. తెల్లటి బట్టలు, రంగురంగుల బెల్టులు, ఒక పద్ధతి, ఒక పరీక్ష, ఒక సర్టిఫికెట్. తాతల నాటి కర్రసాము దగ్గరికి ఎవరూ పోవడం లేదు. ముసలివాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు, వాళ్ళతోపాటు వాళ్ళ దెబ్బలూ పోతున్నాయి. రెమీ బకోలోడ్‌లో వ్యాయామ విద్య అధ్యాపకుడిగా పనిచేశాడు. అందుకే జీవితమంతా ఆయన్ని అందరూ ప్రొఫెసర్ అనే పిలిచారు. క్లాసులో అరవైమంది పిల్లల్ని నిలబెట్టి నేర్పాల్సిన మనిషికి తట్టే ప్రశ్నే ఆయనకు తట్టింది. వచ్చినవాళ్ళు ఎందుకు మానేస్తున్నారు?

జవాబు కోసం దూరం పోనక్కర్లేదు. పాత పద్ధతిలో సాధన చేసేటప్పుడు గురి ఎదుటివాడి కర్ర మీద కాదు, కర్ర పట్టిన చేతి మీద. పోరాటంలో అది సరైనదే. పాము కోర పీకితే పాము పనికిరానట్టు చెయ్యి విరిగితే కర్ర పడిపోతుంది. కానీ నేర్చుకునే గదిలోనూ అదే పద్ధతి. మొదటి రోజే వేళ్ళు వాస్తాయి. రెండో వారానికి సగంమంది ఉండరు. ఉన్నవాళ్ళు మొండివాళ్ళు, లేకపోతే వేరే దారి లేనివాళ్ళు. మిగిలినవాళ్ళు తమకు చేతకాదనుకుని వెళ్ళిపోతారు, నాలాగా.

రెమీ చేసిన మార్పు వినడానికి చాలా చిన్నది. చేతిని కొట్టొద్దు, కర్రను కర్రతో కొట్టండి అన్నాడు. అంతే. గురి ఒక జానెడు పక్కకు జరిపాడు. ఆ జానెడు జరగడంతో బడిపిల్లలు నేర్చుకోవచ్చు, ఆడపిల్లలు నేర్చుకోవచ్చు, రేపు ఆఫీసులో టైపు కొట్టాల్సినవాళ్ళూ నేర్చుకోవచ్చు. దానికి ఒక క్రమం పెట్టాడు. పన్నెండు దెబ్బలకు పన్నెండు అంకెలు, అడుగులకు లెక్క, కరాటే నుంచి బట్టలూ బెల్టులూ. పేరు మాడర్న్ ఆర్నిస్ అని పెట్టాడు.

ఆ క్రమంలో కొత్తవాళ్ళకు ముందుగా వచ్చేవాటిల్లో సినవాలి ఒకటి. మన డిపార్ట్‌మెంటుకు అన్నిటికన్నా నచ్చవలసినది ఇదే. సవాలి అంటే (మన సవాలు కాదు) వెదురు బద్దలతో అల్లిన తడిక. అక్కడి పాత ఇళ్ళకు గోడలు అవే. ఒక బద్ద పైనుంచి, ఒక బద్ద కింద నుంచి పోయే ఆ అల్లిక పేరునే ఈ జంట కర్రల సాముకు పెట్టుకున్నారు. మాటను ఇల్లు కట్టే పని నుంచి తెచ్చుకున్నారు, యుద్ధం నుంచి కాదు. మన జడకోలాటంలో పైన కట్టిన తాళ్ళు ఒకదాని కింద ఒకటి దూరుతూ జడ అల్లుకుంటాయే, ఇక్కడ తాళ్ళు ఉండవు, గాలిలో కర్రల దారులు అల్లుకుంటాయి.

ఎట్లా చేస్తారో చెప్తాను, చదువుతూ చేతులు ఆడించి చూడండి. కుడి కర్ర కుడి భుజం మీద పెట్టుకోండి. ఎడమ కర్ర కుడి చంక కింద. ఎదురుగా ఉన్నామె కూడా అట్లాగే నిలబడాలి. మొదటి దెబ్బ కుడి కర్రతో, పైన. రెండోది చంక కింద నుంచి ఎడమ కర్రతో, మోకాలి ఎత్తున. కొట్టిన ఎడమ కర్ర ఎడమ భుజం మీదికి వెళ్ళిపోతుంది. మూడోది మళ్ళీ కుడి కర్ర, ఈసారి మణికట్టు తిప్పి చెయ్యి వెనకవైపుతో, పైన. కొట్టి లాక్కునేటప్పుడు కుడి కర్రను ఎడమ చంక కిందికి తెచ్చుకోవాలి. ఇప్పుడు చూసుకుంటే మొదలుపెట్టినట్టే నిలబడి ఉంటారు, కాకపోతే అద్దంలో చూసినట్టు తారుమారుగా. అదే వరస ఎడమ నుంచి. మూడూ మూడూ ఆరు. పైన కింద పైన, పైన కింద పైన. ఇద్దరి కర్రలూ ప్రతి దెబ్బకూ మధ్యలో కలుసుకుంటాయి. నాలుగైదు సార్లు తప్పి, ఆరోసారి తాళం కుదురుతుంది. కుదిరాక ఆపబుద్ధి కాదు.

ఇందులో అసలు కిటుకు ఎడమచేతిది. మన ఇళ్ళల్లో ఎడమచేత్తో ఇవ్వకూడదు, తీసుకోకూడదు, తినకూడదు, రాస్తే బడిలో ఒప్పుకోరు. ఇరవై ఏళ్ళు వచ్చేసరికి అది పక్కన వేలాడే చెయ్యి. జంట కర్రల్లో రెండు చేతులకూ సమానమైన పని. ఎడమచెయ్యి వెనకబడితే వెంటనే తాళం తప్పి తెలిసిపోతుంది. రెమీ చెప్పేది ఏమంటే, ఆ చెయ్యి మేలుకున్నాక ఒక కర్ర తీసేయండి. ఇప్పుడు ఖాళీగా ఉన్న చెయ్యి ఊరికే ఉండదు, అడ్డుకుంటుంది, పట్టుకుంటుంది, తోస్తుంది. రెండో కర్ర కూడా తీసేయండి. అప్పుడూ చేతులు అదే అల్లిక అల్లుతాయి. కర్రతో నేర్చుకున్నదే కత్తికీ, వట్టి చేతికీ పనికొస్తుందన్నది ఆయన నమ్మకం. కర్ర లేని చోట గొడుగు ఉంటుంది, అదీ లేకపోతే చెయ్యి ఉండనే ఉంటుంది. ఆ వరస ఒక్కటే అని ఆయన పాఠం.

పాతవాళ్ళు ఊరుకోలేదు. కర్రను కర్రతో కొట్టడం అలవాటైతే నిజంగా ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా చెయ్యి ఎదుటివాడి కర్రనే వెతుక్కుంటుంది, మనిషిని వదిలేస్తుంది అన్నారు. పోరాటాన్ని నాట్యం చేశాడన్నారు. ఇందులో నిజం లేదని నేను అనలేను. కోలాటం ఆడేవాళ్ళు యుద్ధం చేయలేరు, అది మనకు తెలిసిందే. కానీ ఆయన చేతి గురిని శాశ్వతంగా తీసేయలేదు, కర్ర మీద అదుపు వచ్చిందాకా వాయిదా వేశాడు. ఆయనే బాకన్ దగ్గర ఒంటికర్ర దెబ్బలు రుచి చూసి వచ్చినవాడు, కర్ర దేనికో మరిచిపోయే మనిషి కాదు. మానేసి వెళ్ళిపోయినవాడి చేతికి ఏ గురీ రాదు కదా. నాకు ఆయన పక్షమే న్యాయమనిపిస్తుంది, కారణం మీకు ముందే చెప్పాను.

బకోలోడ్ నుంచి 1970 ప్రాంతంలో మనీలాకు మారాడు. రాజధానిలో కేంద్రం పెట్టి, వ్యాయామం నేర్పే టీచర్లకు నేర్పడం మొదలుపెట్టాడు. ఇది తెలివైన పని. ఒక పిల్లకు నేర్పితే ఒక పిల్లకే వస్తుంది, ఒక టీచరుకు నేర్పితే ఒక బడికి వస్తుంది. 1974లో మాడర్న్ ఆర్నిస్ మీద పుస్తకం వేశాడు. ఇంటి గుట్టుగా దాచుకున్న దెబ్బలు ఫొటోలతో సహా అచ్చులో అంగట్లోకి వచ్చాయి. తమ్ముళ్ళు రాబర్టో, ఎర్నెస్టో కూడా ఇదే దారి పట్టారు. ఎర్నెస్టో తర్వాత కొంబాతన్ అని తన పద్ధతి తాను పెట్టుకున్నాడు.

దేశంలో అప్పుడు మార్కోస్ సైనిక శాసనం నడుస్తోంది. 1970ల నడిమిలో రెమీ అమెరికా వెళ్ళాడు. ఆ తర్వాత బతుకంతా అటువైపే. కుటుంబాన్ని, తమ్ముళ్ళను, కట్టుకున్న కేంద్రాన్ని వదిలి నలభై ఏళ్ళ వయసులో పరాయి దేశంలో మళ్ళీ మొదటినుంచి. భాష సరిగా రాదు. ఆయన ఇంగ్లీషు ఒక ప్రత్యేకమైన ఇంగ్లీషు, శిష్యులు ఇప్పటికీ ముచ్చటగా తలుచుకుంటారు. మాట రాని చోట చెయ్యి చెప్పేది. అమెరికాలో అప్పుడు ఎక్కడ చూసినా కరాటే బడులే. ఆ బడికి వెళ్ళి, మీ విద్య వదిలేసి నాది నేర్చుకోండి అనలేదు. మీ విద్య మీరు ఉంచుకోండి, దాని లోపలే ఆర్నిస్ దాక్కుని ఉంది, నేను చూపిస్తాను అన్నాడు. కరాటే వాడి అడ్డుకోతనే తీసుకుని, చేతిలో కర్ర పెట్టి, ఇదిగో అని చూపేవాడు. అట్లా అడిగితే ఎవరు కాదంటారు? అంతర్జాతీయ సంఘం ఒకటి పెట్టాడు. 1983లో అమెరికాలోనే ఇంకో పుస్తకం వచ్చింది. జుజుత్సు గురువు వాలీ జే, కరాటే గురువు జార్జ్ డిల్మన్, ఈయన ముగ్గురూ కలిసి ఏళ్ళ తరబడి శిబిరాలు నడిపారు. మూడు వేర్వేరు విద్యల పెద్దలు ఒకే వేదిక మీద నిలబడడం ఆ లోకంలో మామూలు సంగతి కాదు.

ఆయన నేర్పే తీరు గురించి శిష్యులంతా ఒక్కటే చెప్తారు. వేదిక మీద నిలబడి చూపి కూర్చునేవాడు కాదు. గదిలో ఎంతమంది ఉన్నా వరసగా ఒక్కొక్కరి ఎదుట నిలబడి, తన కర్ర వాళ్ళ కర్రకు తాకించి, వాళ్ళ చేతికి ఆ దెబ్బ తెలిసేలా చేసేవాడు. మొదటిరోజు వచ్చినవాళ్ళైనా సరే. పెరట్లో తాత ఎదుట మనవడు నిలబడ్డట్టే. వందలమంది ఉన్న హాల్లో కూడా ఆయన ఆ పెరడు వదల్లేదు.

చివరి ఏళ్ళల్లో తపి తపి అనే సాధన మీద ఎక్కువ దృష్టి పెట్టాడు. ఒంటికర్రతో ఇద్దరు దగ్గరగా నిలబడి, కొట్టడం, అడ్డుకోవడం, ఎదురు కొట్టడం ఆగకుండా సాగించే ఆట. బాకన్ దగ్గర నేర్చుకున్నది, తాత దగ్గర నేర్చుకున్న పారుదలతో కలిసి అక్కడ కనిపిస్తుందంటారు. మెదడులో కణితి వచ్చింది. 2001 ఆగస్టు 28న కెనడాలోని విక్టోరియా పట్టణంలో చనిపోయాడు. అరవై నాలుగేళ్ళు. హినిగరాన్ సముద్రం ఒడ్డుకూ ఆ ఊరికీ మధ్య పసిఫిక్ మహాసముద్రం మొత్తం ఉంది.

తన తర్వాత ఒక్కరే వారసుడు అనకుండా పలువురికి పెద్దరికం పంచి పోయాడు. దాంతో సంఘం ముక్కలైంది. ఎవరికి వారు తమది అసలు అన్నారు, ఇప్పటికీ అంటున్నారు. ఒక్కరికే ఇచ్చి ఉంటే బాగుండేదని కొందరి మాట. ఇంటి గుట్టు బయటపెట్టిన మనిషి మళ్ళీ ఒక్క ఇంటికే తాళం ఇచ్చి పోతాడా అని నాకనిపిస్తుంది. అయినా ముక్కలవడం బాధే, అది దాచడం ఎందుకు.

ఆయన పోయిన ఎనిమిదేళ్ళకు, 2009 డిసెంబరులో, ఫిలిప్పీన్స్ ప్రభుత్వం చట్టం చేసి ఆర్నిస్‌ను జాతీయ యుద్ధకళగా, జాతీయ క్రీడగా ప్రకటించింది. బడుల్లో వ్యాయామ పాఠాల్లో చేర్చమంది. ఆ దేశంలో బడిపిల్లలకు ఏటా జరిగే జాతీయ క్రీడల్లో మొదటి పోటీ ఆర్నిస్‌దే కావాలని కూడా ఆ చట్టంలో రాశారు. 2019లో మనీలా వైపు ఆగ్నేయాసియా క్రీడలు జరిగినప్పుడు అందులోనూ పోటీలు పెట్టారు, ఆడపిల్లలకు విడిగా పతకాలున్నాయి.

వేలికి దెబ్బ తగిలిన ఆమెతో నిన్న క్యాంటీన్ దగ్గర మాట్లాడాను. వాపు తగ్గింది, ఇంకా కొంచెం నీలంగా ఉంది. సినవాలి ఆరు దెబ్బలూ చెంచాలు పట్టుకుని టేబుల్ మీద చూపించాను. నాలుగోసారికి ఆమెకే నాకన్నా బాగా వచ్చింది. ఆమెది ఎడమచేతి వాటమట, ఇన్నాళ్ళూ నాకు తెలియదు. మూడో కోపులో ఆమె ఎందుకు తడబడుతోందో, నా కర్ర ఎందుకు గురి తప్పిందో అప్పుడు అర్థమైంది. బుధవారం నాలుగింటికి ప్రాక్టీసు ఉంది. ఆమె వస్తానంది. ఆ కోపు ఈసారి ఎడమ నుంచి మొదలుపెడదాం, అందరూ ఎవరి కర్రలు వాళ్ళు తెచ్చుకోండి.